అమెరికా బడిలో, ఆటస్థలంలో మన పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా డాలస్ వైపు ఆగస్టు రెండో వారానికల్లా బళ్ళు తెరుస్తారు. జులై చివరినుంచే నా ఫోను మోగడం మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి కొత్తగా దిగిన చెల్లెమ్మ ఒకరు, న్యూజెర్సీ నుంచి మారిన తమ్ముడు ఒకరు, వాట్సాప్ గ్రూపులో పేరు కూడా తెలియని పదిమంది. అడిగేవి మాత్రం అవే. ఫారంలో ఏం రాయాలి, టీమ్‌లో ఎందుకు తీసుకోలేదు, మావాడు ఏ దేశానికి జై కొట్టాలి. చెప్పిందే చెప్పీ చెప్పీ చివరికి ఇలా రాసి పెట్టాను. నేను లాయర్ని కాను. శనివారాలు తెలుగు బడిలో పాఠం చెబుతాను, ఇద్దరు పిల్లల్ని ఇక్కడే పెంచాను, పదేళ్ళు సాకర్ ఫీల్డు పక్కన మడతకుర్చీలో కూర్చున్నాను. నా అర్హత అంతే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## బడిలో చేర్చేటప్పుడు

ఫారంలో "రేస్" అని అడుగుతున్నారు. "అమెరికన్ ఇండియన్" అని ఒక గడి ఉంది. అది మనమేనా?

కాదు. అమెరికన్ ఇండియన్ అంటే ఇక్కడి ఆదివాసులు. కొలంబస్ ఇండియాకి వచ్చాననుకుని వేరేచోట దిగాడు, ఆ పొరపాటు పేరు వాళ్ళకి అంటుకుంది. ఏటా మనవాళ్ళు కనీసం ఇద్దరు ముగ్గురు అందులో టిక్కు పెట్టి వస్తారు. మన గడి "ఏషియన్". కొన్నిచోట్ల దాని కింద "ఏషియన్ ఇండియన్" అని విడిగా ఉంటుంది. అంతకుముందే "హిస్పానిక్ లేదా లాటినోనా?" అని అడిగితే కాదు అని పెట్టండి.

"మాకెందుకు ఈ గోల" అని ఖాళీగా వదిలేస్తే, మీ బదులు స్కూలువాళ్ళే పిల్లల్ని చూసి ఏదో ఒకటి నింపుతారు. నిబంధనే అలా ఉంది. అందుకని మీరే నింపడం మేలు.

ఈ గడికి చిన్న కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్, నన్నూ తెల్లవాడిగా లెక్కగట్టి పౌరసత్వం ఇవ్వండని కోర్టుకెక్కారు. 1923లో సుప్రీంకోర్టు కుదరదంది. 1970 జనాభా లెక్కల్లో మాత్రం మనల్ని తెల్లవాళ్ళలోనే కలిపేశారు. 1980లో "ఏషియన్ ఇండియన్" వచ్చింది. అరవై ఏళ్ళలో మన ఒంటి రంగేమీ మారలేదు. కాబట్టి ఈ గడిని చూసి మరీ కంగారు పడకండి. లెక్క కోసం అడుగుతున్నారు, లెక్క కోసం చెప్పండి.

ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాస్తే ఈఎస్‌ఎల్ (ఇంగ్లిష్ రాని పిల్లల) క్లాసులో పడేస్తారట, నిజమేనా?

తెలుగు అని రాస్తే పిల్లలకి ఇంగ్లిష్ పరీక్ష ఒకటి పెడతారు. అది పాసైతే మామూలు క్లాసే. తక్కువ వస్తే ఇంగ్లిష్‌కి అదనపు సాయం ఇస్తామని మీకు ఉత్తరం పంపుతారు. చదువుల సంవత్సరం మొదలైన 30 రోజుల్లోపు చెప్పాలని కేంద్ర చట్టం. వద్దనుకుంటే కాదనే హక్కు మీకుంది.

చాలామంది ఈ భయంతోనే "ఇంగ్లిష్" అని రాసేస్తారు. నాకది నచ్చదు. ఆ సాయం ఊరికే రాలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనీస్ పిల్లల తల్లిదండ్రులు కోర్టుకెళ్తే, అర్థంకాని భాషలో కూర్చోబెట్టి పాఠం చెప్పడం సమాన చదువు కాదని 1974లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అవసరమైన పిల్లలకి అది వరం. ఇంకో సంగతి. మొదటిరోజే ఐదేళ్ళ పిల్ల ముందు, మన ఇంట్లో లేని భాషని ఉన్నట్టు రాస్తున్నాం. ఆ పిల్ల చూస్తూనే ఉంటుంది.

మేము హెచ్-1 ఉద్యోగ వీసా, పిల్లలు దాని మీద వచ్చే హెచ్-4. స్కూలు టీమ్‌లో ఆడనిస్తారా?

ఆడనిస్తారు. ప్రభుత్వ బడిలో చేరడానికి పౌరసత్వం అక్కర్లేదు, వీసా సంగతి కూడా అడ్డు కాదు. అలా చెప్పిన 1982 నాటి సుప్రీంకోర్టు ప్లైలర్ తీర్పు మా టెక్సస్ నుంచి వెళ్ళిన కేసే. స్కూలుకి కావలసింది ఇంటి అడ్రసు రుజువు, టీకాల కాగితాలు. స్కూలు టీమ్‌కైతే ఆ స్కూలు పరిధిలో ఉండటం, డాక్టరు చేత శారీరక పరీక్ష, మార్కులు. మార్కుల విషయం టెక్సస్‌లో చాలా గట్టిగా ఉంటుంది. ఒక సబ్జెక్టులో 70 కంటే తగ్గితే కొన్ని వారాలు మ్యాచ్ ఆడనివ్వరు. మనవాళ్ళు ఈ ఒక్క రూలు వినగానే అమెరికాని మెచ్చుకుంటారు.

ఒక్కరే ఎఫ్-1 మీద చదువుకోవడానికి వచ్చే పిల్లలకి, ఎక్స్చేంజి విద్యార్థులకి నిబంధనలు వేరు. వాళ్ళు ముందే అడిగి తెలుసుకోవాలి.

మావాడి పేరు వెంకట సాయి శ్రీహర్ష. టీచరు "వెన్" అంటోంది. మార్చేయమంటారా?

తప్పు టీచరుది కాదు, పాస్‌పోర్టుది. మన ఇంటిపేరు ముందుంటుంది, దేవుడి పేరు నడుమ ఉంటుంది, పిలిచే పేరు చివర ఉంటుంది. అమెరికా కంప్యూటరు మొదటి ముక్కని పట్టుకుని అదే పేరంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టయితే మరీ అన్యాయం, పిల్లాడు "ఎఫ్ఎన్‌యూ" అయిపోతాడు. అంటే పేరు తెలియదు అని. మా తెలుగు బడిలో అలాంటి "పేరు తెలియని" పిల్లలు ఇద్దరుండేవారు, ఇద్దరికీ చక్కటి పేర్లు.

ఫారంలో "పిలిచే పేరు" అనే గడి ఉంటుంది. అందులో హర్ష అని రాయండి. మొదటి వారం టీచరుకి రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. కోచ్‌కి విడిగా చెప్పండి, స్కూలు రికార్డు కోచ్ చూడడు. జెర్సీ వెనకాల పేరు వేయించే రోజు దగ్గరుండి చూసుకోండి. మా అబ్బాయి మొదటి జెర్సీ మీద ఇంటిపేరు ఒక చంకనుంచి ఇంకో చంకదాకా పాకింది, చివరి రెండక్షరాలు మడతలోకి పోయాయి. వాడు మాత్రం దాన్ని చిరిగేదాకా వేసుకున్నాడు.

మార్చడం మార్చకపోవడం పిల్లాడికి వదిలేయండి. పదేళ్ళవాడు తనంతట తాను "హ్యారీ అని పిలవండి" అంటే గొడవ చేయకండి, పదిహేనేళ్ళకి మళ్ళీ హర్ష అంటాడు. మీరు ముందే హ్యారీ చేసేస్తే మాత్రం, నా పేరులో ఏదో తప్పుందేమో అనుకుంటాడు.

## చిన్న తరగతుల్లో

మేము ఇండియన్ పౌరులం. మా పాప రోజూ అమెరికా జెండాకి ప్రమాణం చేయాలా?

చేయాలని ఎవరూ బలవంతం చేయలేరు. యుద్ధం జోరుగా సాగుతున్న 1943లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. జెండాకి వందనం చేయమని ఏ బిడ్డనీ ఒత్తిడి పెట్టకూడదంది. టెక్సస్‌లో అమెరికా జెండాకి ఒకటి, టెక్సస్ జెండాకి ఒకటి, రోజూ రెండు ప్రమాణాలు. వద్దనుకునే తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి.

మేము రాసి ఇవ్వలేదు. మా అమ్మాయి రెండూ చెప్పేది, ఆగస్టు 15న తెలుగు సంఘం హాల్లో జనగణమన కూడా గొంతెత్తి పాడేది. ఒకసారి మాత్రం కారులో అడిగింది, "అమ్మా, ప్రమాణం అంటే ప్రామిస్ కదా, రెండు చోట్ల ప్రామిస్ చేస్తే ఒకటి అబద్ధం అవుతుందా?" అని. సిగ్నల్ పచ్చ పడేదాకా నాకు జవాబు దొరకలేదు. తరవాత కూడా సరిగ్గా దొరకలేదనుకోండి.

లంచ్ బాక్స్‌లో పులిహోర పెడితే తిరిగి తెస్తోంది. ఎవరో వెక్కిరించారట.

కొన్నాళ్ళు శాండ్‌విచ్ పెట్టండి. ఆత్మగౌరవ పోరాటాన్ని ఏడేళ్ళ పిల్ల టిఫిన్ డబ్బాలో పెట్టి పంపకండి. టీమ్ పిక్నిక్‌కి మాత్రం పెద్ద ట్రే నిండా పులిహోరో సమోసాలో తీసుకెళ్ళండి. నలుగురూ మళ్ళీ మళ్ళీ వేసుకోవడం ఒక్కసారి చూస్తే తనే డబ్బాలో పెట్టమంటుంది.

గేమ్ ముందు చెవి దుద్దులు, చేతి దారం తీయమంటున్నారు. ఇది వివక్ష కాదా?

సాధారణంగా కాదు. సాకర్ నిబంధనల్లో నగలన్నీ నిషేధం, టేపు చుట్టి కప్పినా ఒప్పుకోరు. పక్కింటి తెల్లమ్మాయి స్నేహితురాలిచ్చిన రబ్బరు బ్యాండ్ కూడా తీయాల్సిందే. అందుకని చెవులు కుట్టించేది సీజన్ అయిపోయిన వారంలో కుట్టించండి, ఇది అనుభవంతో చెబుతున్నాను. గుడిలో కట్టిన దారాన్ని మ్యాచ్ రోజుకి విప్పి పర్సులో పెట్టుకుంటే దేవుడేమీ అనుకోడు. మొలతాడు ఎవరికీ కనబడదు, దాని గురించి అడిగిన రెఫరీని నేనింతవరకు చూడలేదు.

తలపాగా, హిజాబ్ వేరు. అవి తీసి పెట్టుకునే వస్తువులు కావు. వాటికోసం సిక్కు, ముస్లిం కుటుంబాలు ఏళ్ళతరబడి పోరాడాయి. ఫుట్‌బాల్‌లో ఫిఫా 2014లో అనుమతించింది, బాస్కెట్‌బాల్‌లో ఫిబా 2017లో. 2019లో ఒహాయోలో హిజాబ్‌తో క్రాస్‌కంట్రీ పరుగెత్తిన ఒక స్కూలమ్మాయి, పరుగంతా పూర్తిచేశాక తన పేరు ఫలితాల్లో లేదని తెలుసుకుంది. ఆ తరవాత ఆ రాష్ట్రంలో చట్టమే మార్చారు. మీ పిల్లల టీమ్‌లో అలాంటి అమ్మాయి ఉంటే సీజన్ మొదట్లోనే కోచ్‌ని కలవమని వాళ్ళమ్మకి చెప్పండి.

శనివారం తెలుగు బడి. శనివారమే సాకర్ మ్యాచ్. ఏది మానిపించాలి?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. తెలుగు బడి టీచర్ని కాబట్టి నేనేం చెబుతానో మీకు తెలుసనుకుంటున్నారు. మ్యాచ్‌కి పంపండి.

ఎందుకంటే, టీమ్‌కి అందరూ కావాలి. మీవాడు రాకపోతే ఒకరు తక్కువై ఓడతారు, సోమవారం బడిలో ఆ మాట వినేది మీవాడే. తెలుగు క్లాసుకి రాకపోతే నేను నోట్సు పంపిస్తాను. ఎనిమిదేళ్ళ పిల్లాడి మనసులో తెలుగు అంటే "నా ఆట చెడగొట్టింది" అని పడిందంటే, దాన్ని మళ్ళీ తుడవడం నా వల్లకాదు. ఒత్తులు రాని పిల్లలకి నేర్పించాను. తెలుగంటే కోపం ఉన్న పిల్లలకి నేర్పించలేకపోయాను.

కానీ దీనికో షరతు. ఇంట్లో తెలుగే మాట్లాడండి. తల్లిదండ్రులు రోజంతా ఇంగ్లిష్ మాట్లాడి, వారానికి రెండు గంటల బడి మీద భాషని వదిలేస్తే అది నిలవదు. మ్యాచ్‌కి తీసుకెళ్ళే నలభై నిమిషాల కారు ప్రయాణం మంచి తెలుగు క్లాసు. "బంతి ఎవరికి ఇచ్చావురా? ఎందుకు ఇవ్వలేదు?" అని అడగండి. కోపంలో వాడికి మాటలు అవే వస్తాయి.

హైస్కూలుకి వచ్చాక లెక్క మారుతుంది. చాలా రాష్ట్రాల్లో రెండు భాషలొచ్చిన విద్యార్థులకి డిప్లొమా మీద ద్విభాషా ముద్ర ఇస్తున్నారు. కొన్ని స్కూలు డిస్ట్రిక్టులు తెలుగు చదువుకి క్రెడిట్ కూడా ఇస్తాయి. అప్పుడు కోచ్‌తో మాట్లాడి నెలకో శనివారం అడిగి తీసుకోండి.

## టీమ్‌లో చోటు

మనవాళ్ళంతా స్పెల్లింగ్ బీ, చెస్, మ్యాథ్. స్కూలు టీమ్‌ల ఫొటోల్లో మన ముఖాలే లేవు. మన పిల్లలు ఆటలకి పనికిరారా?

పనికిరావడం సంగతి కాదు, దారి సంగతి. స్పెల్లింగ్ బీలో, అంటే ఇంగ్లిష్ మాటల స్పెల్లింగ్ తప్పులేకుండా చెప్పే పోటీలో, మనవాళ్ళు గెలవడానికి కారణం రక్తం కాదు, ఏర్పాటు. 1985లో బాలు నటరాజన్ గెలిచారు, అదే మొదలు. 1989లో మన తెలుగాయనే, చిట్టూరి రత్నం గారు, నార్త్ సౌత్ ఫౌండేషన్ పెట్టారు. ఇండియాలో పేద పిల్లల చదువుకి స్కాలర్‌షిప్పులిస్తూ, ఇక్కడ ఊరూరా భారతీయ పిల్లలకి పోటీలు నడిపే సంస్థ. అంటే మన పిల్లలు జాతీయ వేదిక ఎక్కేముందు ఏళ్ళతరబడి వారాంతాల్లో మైకు ముందు నిలబడి ఉంటారు. 2008 నుంచి 2019 దాకా ఒక్క ఏడాది కూడా మన సంతతి విజేత లేకుండా పోలేదు. 2019లో ఎనిమిది మంది కలిసి గెలిస్తే ఏడుగురు మనవాళ్ళే.

ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క 2013ది. న్యూయార్క్ తెలుగు కుర్రాడు అరవింద్ మహంకాళి గెలిచిన మాట "క్నేడెల్". యూదుల ఇళ్ళలో చేసుకునే ఒకరకం ఉండ, యిడ్డిష్ భాషనుంచి వచ్చింది. హైదరాబాద్ మూలాలున్న పిల్లాడు యూదుల వంటింటి మాటతో అమెరికా ఇంగ్లిష్ పోటీ గెలిచాడు. 2021లో గెలిచిన జైలా అవాంట్-గార్డ్ లూసియానా నల్లజాతి అమ్మాయి, బాస్కెట్‌బాల్ డ్రిబ్లింగ్‌లో గిన్నిస్ రికార్డులున్న పిల్ల. నల్లపిల్లలకి ఇది, మన పిల్లలకి అది అని గీసిన గీతలు ఎంత ఉత్తివో ఆ ఒక్క అమ్మాయిని చూస్తే చాలు.

ఆటల్లోనూ అంతే. ఎవరింట్లో చిన్నప్పటినుంచి బంతి ఉందో వాళ్ళ పిల్లలు ముందుంటారు. 2023 బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండులో తీసుకున్న ఫ్లోరిడా కుర్రాడి పేరు అర్జున్ నిమ్మల. ఆ పేరు టీవీలో విన్నరోజు మా గ్రూపులో వచ్చినన్ని మెసేజీలు ఉగాదికి కూడా రాలేదు.

మా హైస్కూలు టీమ్ పేరే "ఇండియన్స్". మావాడు ఆ టీషర్ట్ వేసుకుంటే అందరూ నవ్వుతున్నారు.

నవ్వు వచ్చే మాటే. కానీ ఆ ఇండియన్ మనం కాదు, ఈకల తలపాగాతో బొమ్మ గీసిన ఆదివాసి. వాళ్ళలో చాలామందికి అది నవ్వులాట కాదు. మా జాతి మీ మ్యాచ్‌లో గంతులేసే బొమ్మ కాదని దశాబ్దాలుగా అంటున్నారు. వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్ 2020లో పాత పేరు వదిలేసింది, క్లీవ్‌లాండ్ ఇండియన్స్ 2022 సీజన్ నుంచి గార్డియన్స్ అయింది. న్యూయార్క్ రాష్ట్రం 2023లో స్కూళ్ళకి అలాంటి పేర్లు, బొమ్మలు వద్దంది. చాలా ఊళ్ళలో ఇంకా నడుస్తున్నాయి.

మీవాడు టీషర్ట్ వేసుకోవచ్చు, అది వాడి స్కూలు. ఆ పేరు ఎవరిదో వాడికి తెలిసి ఉంటే చాలు. హోమ్‌కమింగ్ రోజున ఈకలు పెట్టుకుని రమ్మంటే మాత్రం, వద్దని చెప్పే పిల్లాడు మన పిల్లాడైతే నాకు సంతోషం.

ట్రైఔట్‌లో (టీమ్ ఎంపికలో) మావాణ్ణి తీసుకోలేదు. మనవాళ్ళం కాబట్టేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ముందు మా ఇంటి కథ వినండి. మా అబ్బాయిని ఎనిమిదో తరగతిలో బాస్కెట్‌బాల్ ట్రైఔట్‌కి పంపాం. రెండు నెలలు గ్యారేజీ ముందు ఆడించి, ఇక చాలనుకున్నాం. అక్కడికి వచ్చిన పిల్లలు ఐదేళ్ళప్పటినుంచి క్లబ్బుల్లో ఆడుతున్నవాళ్ళు. వాళ్ళ తల్లిదండ్రులు ఏటా వేల డాలర్లు పోసి, వారాంతాలు హోటళ్ళలో గడిపినవాళ్ళు. మావాడు గోడమీద అంటించిన లిస్టులో పేరు వెతుక్కుని, మళ్ళీ మొదటినుంచి ఇంకోసారి చదివి, నీళ్ళ సీసా తీసుకుని కారెక్కాడు. నేను వివక్ష అన్నాను. "కాదమ్మా, నాకు ఎడమచేత్తో డ్రిబుల్ రాదు" అన్నాడు.

అలాగని వివక్ష లేదని కాదు. మన పిల్లలంటే చదువుకునేవాళ్ళు, ఒంట్లో బలం ఉండదు అనే అభిప్రాయంతో బంతి కూడా ఇవ్వకుండా చూసే కోచ్‌లు ఉన్నారు. తేడా తెలుసుకోవాలంటే కోచ్‌ని పిల్లాడిచేతే అడిగించండి: నాలో ఏది తక్కువైంది, వచ్చే ఏడాదికి ఏం నేర్చుకోవాలి అని. పనికొచ్చే జవాబు ఇచ్చే కోచ్ మంచి కోచ్. ముఖం చాటేసేవాడైతే, మూడు నాలుగేళ్ళుగా ఎవరెవరు ఎంపికయ్యారో చూడండి. ఒక్క పిల్లాడి సంగతితో ఏదీ తేలదు, వరస చూస్తే తెలుస్తుంది.

బస్సులో మా అమ్మాయిని "మీ దేశం పో" అన్నారు. ఎవరికి చెప్పాలి?

ముందు అమ్మాయి మాట పూర్తిగా వినండి. మా అమ్మాయి ఆరో తరగతిలో నాలుగు రోజులు దాచి, అయిదో రోజు కారులో కిటికీ వైపు తిరిగి చెప్పింది. "నువ్వేమన్నావ్?" అని నేను గభాలున అడిగాను. అది తప్పు. తనే ఏదో అనాల్సింది అన్నట్టు వినపడింది, మిగతా సగం చెప్పలేదు.

తరవాత రాతపూర్వకంగా పెట్టండి. ఏ తేదీ, ఎక్కడ, అన్న మాటలు ఉన్నదున్నట్టు, ఎవరు విన్నారు. టీచరుకి, ప్రిన్సిపాల్‌కి ఇద్దరికీ ఒకే మెయిల్. మాకు మొదట వచ్చిన జవాబు "పిల్లలు అలా అంటూనే ఉంటారండీ" అనే అర్థం వచ్చేది. రెండో మెయిల్లో 1964 పౌరహక్కుల చట్టం, టైటిల్ సిక్స్ అనే రెండు మాటలు కలిపాను. రెండో రోజే మీటింగుకి పిలిచారు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ బడీ జాతి, రంగు, పుట్టిన దేశం కారణంగా జరిగే వేధింపుని చూసీచూడనట్టు ఊరుకోకూడదని ఆ చట్టం. మతం పేరు అందులో లేకపోయినా, పుట్టుక, వంశం చూసి చేసిన వేధింపు అందులోకి వస్తుంది. స్కూలు పట్టించుకోకపోతే విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు, జరిగిన 180 రోజుల్లోపు.

మన పిల్లలు కూడా ఇంకొకరిని అంటారు. నల్లపిల్లల గురించి మన ఇళ్ళలో తెలుగులో అనుకునే మాటలు పిల్లలకి అర్థంకావనుకుంటాం. అర్థమవుతాయి.

ఇవన్నీ ఎందుకు? మన క్రికెట్ లీగ్‌లో మన పిల్లల్తోనే ఆడిస్తే సరిపోదా?

ఆడించండి. అక్కడ పేరు ఎవరూ తప్పు పలకరు, మధ్యాహ్నం పెరుగన్నం ఎవరూ వింతగా చూడరు. 2023లో మొదటి అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌కి దక్షిణాఫ్రికా వెళ్ళిన అమెరికా టీమ్ పదిహేను మందీ భారత సంతతి అమ్మాయిలే. కెప్టెన్ గీతిక కొడాలి. జాబితాలో భద్రిరాజు, ముళ్ళపూడి ఇంటిపేర్లు చదువుతుంటే గుంటూరు కాలేజీ టీమ్ లిస్టులా అనిపించింది. వాళ్ళంతా ఇలాంటి లీగుల నీడలో పెరిగిన తరమే.

కానీ మన లీగుల్లోకి మన రోగాలు కూడా వచ్చాయి. "మనవాళ్ళు" అనే మాట ముందు భారతీయులు, తరవాత తెలుగువాళ్ళు, ఆ తరవాత ఆంధ్రా తెలంగాణ, ఆపైన కులం దాకా కుంచించుకుపోతుంది. మైదానం అంచున పెద్దవాళ్ళు "ఆ టీమ్ వాళ్ళదిలే" అంటుంటే, "వాళ్ళు అంటే ఎవరు?" అని ఇక్కడ పుట్టిన పిల్లాడు అడుగుతాడు. వాడికి జవాబు చెప్పలేని టీమ్‌లో వాణ్ణి ఆడించకండి. స్కూలు టీమ్ ఒకటి, మన లీగ్ ఒకటి, రెండూ ఉంటే మంచిది.

## ఏ దేశం తరఫున

ఇండియా–అమెరికా మ్యాచ్‌లో మావాడు అమెరికాకి చప్పట్లు కొట్టాడు. మా నాన్నగారు బాధపడ్డారు. ఏం చెప్పాలి?

1990లో నార్మన్ టెబిట్ అనే బ్రిటిష్ నాయకుడు వలసవచ్చినవాళ్ళకి ఒక పరీక్ష పెట్టాడు. క్రికెట్‌లో మీరు ఎవరికి జై కొడతారో దాన్నిబట్టి మీరు ఎవరో తెలుస్తుందన్నాడు. అక్కడి మనవాళ్ళంతా మండిపడ్డారు. అదే పరీక్షని ఇప్పుడు తాతగారు మనవడికి పెడుతున్నారు.

2024 జూన్ 6న మా ఊరి పక్కనే, గ్రాండ్ ప్రెయిరీలో, టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించింది. చివరి బంతికి ఫోర్ కొట్టి మ్యాచ్ సమం చేసిన నితీశ్ కుమార్ కెనడాలో పుట్టినవాడు. సూపర్ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ ముంబైవాడు, 2010లో ఇండియా అండర్-19కి ఆడి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాడు. ఆ రోజు మా ఇంట్లో అందరూ అమెరికన్లే.

ఆరు రోజుల తరవాత న్యూయార్క్‌లో ఇండియాతో మ్యాచ్. అదే నేత్రావల్కర్, కోహ్లీ ఆడిన మొదటి బంతికే అతన్ని అవుట్ చేశాడు. మా హాల్లో పన్నెండుమంది ఉన్నాం. మా మామగారు కాఫీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేశారు. మా అబ్బాయి లేచి అరిచాడు, అరిచాక తాతయ్య వైపు చూసి కూర్చున్నాడు. కాసేపటికి రోహిత్ కూడా పోయాడు, ఈసారి వాడు అరవలేదు. చివరికి మా మామగారే, "ఆ కుర్రాడు మనవాడేగా, బాగా వేస్తున్నాడు" అన్నారు. ఇండియా ఏడు వికెట్లతో గెలిచింది. ఇద్దరూ కలిసి హైలైట్స్ చూశారు, ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు మళ్ళీ మళ్ళీ వేసుకుని.

నాన్నగారికి ఏం చెప్పాలని అడిగారు కదా. ఏమీ చెప్పకండి. పక్కపక్కన కూర్చోబెట్టండి.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఓసీఐ (ప్రవాస భారతీయుల కార్డు) ఉంది. ఇండియాకి ఆడొచ్చా?

ఓసీఐతో కుదరదు. భారత జట్టుకి ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండాలని 2008 చివర్లో ప్రభుత్వం తేల్చింది. అంతకుముందు కొందరు ప్రవాస టెన్నిస్ ఆటగాళ్ళు ఇండియాకి ఆడుతుండేవారు, ఆ రూలుతో వాళ్ళ దారి మూసుకుపోయింది. మనకి రెండు పౌరసత్వాలు లేవు కాబట్టి, ఆడాలంటే అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. జపాన్‌లో గుజరాతీ తండ్రికి పుట్టిన అరాటా ఇజుమి 2012లో జపాన్ పౌరసత్వం వదిలేసి భారత ఫుట్‌బాల్ జట్టులోకి వచ్చారు. పద్నాలుగేళ్ళ పిల్ల విషయంలో అంత పెద్ద నిర్ణయాన్ని తల్లిదండ్రుల దేశభక్తి మీద తీసుకోకండి.

మాకు ఇంకా గ్రీన్‌కార్డ్ రాలేదు. మావాడు అమెరికాకి క్రికెట్ ఆడగలడా? ఒలింపిక్స్?

రెండింటికీ జవాబు ఒకటి కాదు. ఐసీసీ లెక్కలో ఆ దేశంలో పుట్టినా, ఆ దేశ పౌరుడైనా, లేదా మూడేళ్ళు అక్కడే నివాసం ఉన్నా ఆడొచ్చు. అమెరికా జట్టులో పౌరులు కానివాళ్ళు కనబడేది అందుకే.

ఒలింపిక్స్‌కి నివాసం చాలదు, పౌరసత్వం కావాలి. 2028 లాస్ ఏంజెలిస్‌లో క్రికెట్ మళ్ళీ వస్తోంది, పురుషులకి ఆరు జట్లు, మహిళలకి ఆరు. ప్రపంచకప్ ఆడినవాడు కూడా పాస్‌పోర్టు లేకపోతే సొంత ఊళ్ళో జరిగే ఒలింపిక్స్ టీవీలో చూడాల్సిందే. మన గ్రీన్‌కార్డ్ లైను సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. హెచ్-4 పిల్లలకి 21 ఏళ్ళు నిండితే ఆ వీసా కూడా పోతుంది. పిల్లాడు నిజంగా ఆ స్థాయిలో ఆడుతుంటే పదహారేళ్ళకే ఇమ్మిగ్రేషన్ లాయర్ని కలవండి, కోచింగ్‌కి పెట్టే డబ్బులో కొంత అక్కడ పెట్టండి.

కాలేజీ అప్లికేషన్‌లో ఏషియన్ అని పెడితే నష్టమట, ఆటలో పేరుంటే లాభమట. ఫెన్సింగ్ నేర్పించమంటారా?

మొదటి భయం పాతది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో, సీటిచ్చేటప్పుడు జాతిని లెక్కలోకి తీసుకోకూడదంది. తన జీవితంలో ఆ గుర్తింపు ఏం చేసిందో వ్యాసంలో రాసుకోవచ్చని కూడా అంది. రెండోది నిజమే. కోచ్ కోరుకున్న ఆటగాడికి దొరికే వెసులుబాటు మామూలుది కాదని ఆ కేసు విచారణలోనే బయటపడింది. కానీ అది జాతీయస్థాయికి దగ్గర్లో ఉన్న పిల్లలకి. పదో తరగతిలో కత్తి పట్టించి హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలో సీటు అనుకోవడం మన పెద్దల కొత్త పిచ్చి. పిల్లకి ఫెన్సింగ్ ఇష్టమైతే నేర్పించండి.

మేము హైదరాబాద్ తిరిగి వెళ్ళిపోతున్నాం. అక్కడ మావాణ్ణి "అమెరికావాడు" అంటారేమో?

అంటారు. ఇక్కడ ఇండియన్, అక్కడ అమెరికన్. ఓ ఆరునెలలు పడుతుంది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడిలోనైనా తెలుగు ఉంటుంది కాబట్టి, వెళ్ళేలోపు అక్షరాలు, గుణింతాలు వచ్చేలా చూడండి. బడిలో చదువు గురించి పెద్దగా దిగులు వద్దు.

అసలు చోటు దొరికేది అపార్టుమెంటు కింద. నిరుడు వెళ్ళిన మా స్నేహితురాలి కొడుకు, ఇక్కడ క్లబ్ సాకర్ ఆడినవాడు, మొదటి సాయంత్రం పార్కింగ్‌లో క్రికెట్‌కి దిగి బంతిని గట్టిగా కాంపౌండ్ గోడ అవతలికి కొట్టాడట. సిక్స్ అనుకుని చేతులెత్తితే, గోడ దాటితే అవుట్ అన్నారు. కొట్టినవాడే వెళ్ళి తేవాలన్నారు. అవతల కుక్క ఉందట. వీడు గోడెక్కి దూకి బంతి తెచ్చాడు. మర్నాడు ఐదింటికి వాళ్ళే కింద నిలబడి, పేరు తప్పు లేకుండా పిలిచారట.